వయసు మీరిన తల్లులు – రొమ్ము క్యాన్సరు చికిత్స

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు చేసిన సేవను పెద్దలు ఇంతకుముందే ప్రశంసించిరి. ఆ మాటలను నేను మరల చెప్పను. ఆరోగ్యమునకు సంబంధించిన ఒక విషయమును తీసికొని మాటాడవలెనని కార్యదర్శిగారు కోరగా, రొమ్ము క్యాన్సరును గూర్చి, అందులోను 70 ఏండ్లు దాటిన స్త్రీల చికిత్సను గూర్చి చెప్పదలచితిని. ఇట్టి విషయమును పదిమందిలో మాటాడవచ్చునా అని కొందరికి సంకోచము కలుగవచ్చును. ఆ సంకోచము చాటుననే ఈ వ్యాధి పెరుగుచున్నది. కావున తల్లులు, సోదరులు దీనిని మన ఇంటి సంగతిగా భావించి వినవలెనని ప్రార్థన.

ఇంటిలో పెద్దావిడకు రొమ్ములో గడ్డ ఉన్నదని తెలిసినప్పుడు సాధారణముగా రెండు మాటలు వినవచ్చును. "ఈ వయసులో కోతలెందుకు, ఉన్నన్నాళ్లు ఉంటుంది" అనునది ఒకటి. "ఎంత ఖర్చయినా సరే, ఉన్న వైద్యమంతా చేయించండి" అనునది రెండవది. మొదటిది నిర్లక్ష్యమువలె, రెండవది ప్రేమవలె కనబడును. కాని ఈ రెండింటియందును ఒక లోపము సమానముగా ఉన్నది. గడ్డ ఎట్టిదో, ఆమె దేహబలమెంతో విచారింపకయే, ఆమెను అడుగకయే, వయసునుబట్టియో అభిమానమునుబట్టియో నిర్ణయము జరిగిపోవుచున్నది. చికిత్సను నిర్ణయింపవలసినవి ఈ మూడే: గడ్డ స్వభావము, దేహబలము, ఆ తల్లి మనసు. జాతకములోని సంవత్సరముల లెక్క వీని తరువాతిది.

ముందుగా వ్యాధిని గూర్చి రెండు మాటలు. వయసు పెరిగినకొలది రొమ్ము క్యాన్సరు వచ్చు అవకాశము పెరుగును. మన దేశములో ఈ వ్యాధి పాశ్చాత్య దేశములకంటె సుమారు పదేండ్లు ముందుగానే కనబడుచుండుటచేత, ఇది నడివయసు స్త్రీల జబ్బు అని పలువురు తలంచుచున్నారు. బిడ్డలను కని పాలిచ్చి పెంచిన ముసలమ్మకు ఇది రాదను నమ్మకమును కలదు. అది నిజము కాదు. ఈ గడ్డ ఆరంభములో చాలమందికి నొప్పి పెట్టదు. నొప్పి లేదు గనుక భయము లేదని ఆమె ఊరకుండును. చనుమొన లోనికి లాగుకొనుట, దానినుండి నెత్తురు కారుట, చర్మము సొట్టపడుట, చంకలో బిళ్ల కట్టుట – వీనిలో ఏది కనబడినను వైద్యునికి చూపవలెను. 75 ఏండ్ల స్త్రీకైనను ఈ నియమము ఒక్కటే.

ఇక గడ్డ స్వభావము. రొమ్ము క్యాన్సరు అంతయు ఒకే జబ్బు కాదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించినప్పుడు, ఆ కణములు స్త్రీ హార్మోనును ఆధారము చేసికొని పెరుగుచున్నవా లేదా అనునది తెలియును. వృద్ధస్త్రీలలో అధికభాగము గడ్డలు ఇట్లు హార్మోనుపై ఆధారపడినవే. ఇవి తరచుగా మెల్లగా పెరుగును, బిళ్లలకు లొంగును. హార్మోనుతో సంబంధము లేనివియు, హెర్-2 అను పదార్థము అధికముగా గలవియు వేగముగా పెరుగు స్వభావము గలవి. వానికి మందులు వేరు. కావున "ఎంత వయసు?" అని అడుగుటకు ముందు "ముక్కపరీక్షలో ఏమి తేలినది?" అని అడుగుట వివేకము.

హార్మోనుకును ఈ వ్యాధికిని గల సంబంధము ఈనాడు తెలిసినది కాదు. గ్లాస్గో నగరములో బీట్సన్ అను వైద్యుడు అండాశయములను తొలగించినచో కొందరిలో ఈ వ్యాధి తగ్గుటను గమనించి 1896లో ప్రకటించెను. 1970 ప్రాంతములనుండి టామాక్సిఫెన్ అను బిళ్ల వాడుకలోనికి వచ్చినది. తరువాత లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ అను బిళ్లలు వచ్చినవి. రోజునకు ఒక్క బిళ్ల, సాధారణముగా అయిదేండ్లు. వినుటకు సులభముగానే ఉన్నది. కాని టామాక్సిఫెన్ వలన కొందరికి కాలి నరములలో నెత్తురు గడ్డకట్టవచ్చును. అరుదుగా గర్భాశయమునకు చెరుపు కలుగవచ్చును. లెట్రొజోల్ వంటివి ఎముకలను పలుచన చేయును, కీళ్లనొప్పులు కలిగించును. ఇదివరకే జారిపడి తుంటి విరిగిన స్త్రీకి ఒకటి, కాలిలో నెత్తురు గడ్డకట్టిన స్త్రీకి మరియొకటి తగియుండును. పాత జబ్బుల సంగతి దాచక చెప్పినగాని వైద్యుడు సరియైన బిళ్లను ఎన్నుకొనజాలడు.

శస్త్రచికిత్స మాట వినగానే మన స్త్రీలు భయపడుదురు. ఆ భయమునకు చారిత్రక కారణము లేకపోలేదు. అమెరికాలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 1894లో ప్రచురించిన పద్ధతిలో రొమ్మును, దాని క్రింది కండరములను, చంకలోని గ్రంథులను సమూలముగా తొలగించుచుండిరి. ముప్పాతిక శతాబ్దము ఆ పద్ధతియే రాజ్యమేలినది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి దీనిని ప్రశ్నించిరి. తగిన రోగులలో గడ్డను మాత్రము తీసి రేడియేషను ఇచ్చినను, రొమ్మంతయు తీసినను, ఆయుర్దాయములో భేదము లేదని ఇరువురి పరిశోధనలును ఇరువదేండ్ల పర్యవేక్షణ తరువాత 2002లో రూఢిచేసినవి.

"ముసలామెకు రొమ్ముతో పనేమి, తీసివేయండి" అని ఇంటివారు అనుట కలదు. అది వారు చెప్పవలసిన మాట కాదు. తన దేహము వికలము కారాదను కోరిక డెబ్బదేండ్లకు తీరిపోవునని ఎవరు చెప్పగలరు? మరియొక స్త్రీ "అంతయు తీసివేయండి, పట్నమునకు మాటిమాటికి తిరుగలేను" అని తానే కోరవచ్చును. ఆ కోరికయు అంతే గౌరవింపదగినది. రొమ్ముపై చేయు శస్త్రచికిత్స కడుపునో గుండెనో తెరచి చేయునట్టిది కాదు. బలముగానున్న వృద్ధులు దీనిని చక్కగా తట్టుకొందురు. మత్తు ఇచ్చుటకు వీలులేనంత నీరసముగానున్నవారికి, గడ్డ హార్మోనుపై ఆధారపడినదైనచో, బిళ్లలతోనే అదుపులో ఉంచవచ్చును. అయితే కాలము గడచినకొలది గడ్డ బిళ్లలకు లొంగక తిరిగి పెరుగుట, శస్త్రచికిత్స చేయించుకొన్నవారికంటె వీరిలో అధికము. ఇంకను పదేండ్లు బ్రతుకవలసిన ఆమెకు బిళ్లలు మాత్రమిచ్చి పంపుట తగదు.

చంకలోని గ్రంథులను తీసినప్పుడు కొందరికి చేయి వాచి, బరువెక్కి, పనికి రాకుండ పోవును. చేతి బలముతో బ్రతుకు స్త్రీకి ఇది చిన్న సంగతి కాదు. 70 ఏండ్లు దాటి, గడ్డ హార్మోనుపై ఆధారపడిన తొలిదశలోనిదై, చంకలో చేతికి బిళ్ల ఏదియు తగులనప్పుడు, అచటి గ్రంథులను పరీక్షకై తీయుట అందరికిని అలవాటుగా చేయవలదని అమెరికాలోని క్యాన్సరు శస్త్రవైద్యుల సంఘము 2016లో సూచించినది.

రేడియేషను విషయములో వృద్ధస్త్రీలకు ఉపయోగపడు పరిశోధన ఒకటి కలదు. దానిని కొంచెము వివరించెదను. అమెరికాలో 1994 మొదలు 1999 వరకు 70 ఏండ్లు దాటిన 636 మంది స్త్రీలను ఇందులో చేర్చిరి. అందరికిని గడ్డ చిన్నది, హార్మోనుపై ఆధారపడినది. అందరికిని గడ్డను తీసివేసి టామాక్సిఫెన్ ఇచ్చిరి. సగముమందికి రేడియేషను కూడ ఇచ్చిరి, సగముమందికి ఇయ్యలేదు. 2013లో ప్రకటించిన ఫలితములనుబట్టి, పదేండ్లలో రేడియేషను పొందినవారిలో నూటికి ఇద్దరికి, పొందనివారిలో నూటికి పదిమందికి వ్యాధి ఆ రొమ్ములోనో చంకలోనో మరల వచ్చినది. కాని ఆయుర్దాయములో చెప్పదగిన భేదము లేదు. అప్పటికి మరణించిన 334 మందిలో రొమ్ము క్యాన్సరువలన మరణించినవారు 21 మంది మాత్రమే. తక్కిన 313 మందిని తీసికొనిపోయినవి ఇతర కారణములు. బ్రిటనులో 65 ఏండ్లు దాటిన 1326 మందిపై జరిగి 2023లో వెలువడిన పరిశోధనయు ఇట్టి ఫలితమునే చూపినది: పదేండ్లలో రొమ్ములో వ్యాధి మరల వచ్చుట రేడియేషను పొందనివారిలో నూటికి 9.5, పొందినవారిలో 0.9, జీవించియున్నవారు ఉభయులలోను నూటికి సుమారు 81 మంది.

ఈ అంకెలను మనమెట్లు గ్రహింపవలెను? రేడియేషను వృథా అని కాదు. నూటికి సుమారు ఎనిమిదిమందికి అది వ్యాధి మరల రాకుండ కాపాడినది. అయినను అట్టి చిన్నగడ్డ గల వృద్ధస్త్రీ "నాకు వలదు" అనినచో ఆమె ప్రాణమునకు అదనపు ముప్పు తెచ్చుకొనుచున్నదని భయపెట్టుటకు ఆధారము లేదు. ఇందులో ఒక నియమము మరువరాదు. ఆ స్త్రీలందరును బిళ్లలు వేసికొనవలసినవారు. బిళ్లలు క్రమముగా వేసికొనలేని స్త్రీకి, గడ్డ పెద్దదైన స్త్రీకి, చంకకు పాకిన స్త్రీకి ఈ మినహాయింపు వర్తింపదు.

గ్రామవాసులకు రేడియేషను అనగా యంత్రము మాత్రమే కాదు. ప్రయాణము, పట్నములో బస, తోడు వచ్చు మనిషి, ఇంటివద్ద పాడిగేదెను చూచువారు – ఇవి అన్నియు దానిలోనివే. పూర్వము అయిదు వారములపాటు ప్రతిదినము ఇచ్చుచుండిరి. తరువాత మూడు వారములు చాలునని తేలినది. తగినవారికి అయిదు దినములలోనే ముగింపవచ్చునని బ్రిటనులో జరిగి 2020లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. కావున దూరమునకు భయపడి చికిత్స మానుటకు ముందు "ఎన్ని దినములలో ముగింపగలరు?" అని ఒక్కమాట అడుగుడు.

కీమోథెరపీ అనగా నరములోనికి ఎక్కించు మందు. ఈ చరిత్రలో మన తెలుగువారికి సంబంధించిన పేరొకటి కలదు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో నడిపిన కృషినుండియే మెథోట్రెక్సేట్ అను ఔషధము వెలువడినది. ఆయన 1948లో అచటనే మరణించెను. మెథోట్రెక్సేటును మరి రెండు మందులతో కలిపి, శస్త్రచికిత్స అయిన పిదప ఇచ్చినచో రొమ్ము క్యాన్సరు తిరుగబెట్టుట తగ్గునని ఇటలీ వైద్యుడు బొనడొన్నా 1976లో చూపెను.

వృద్ధస్త్రీలకు ఇంత తీవ్రమైన మందు ఎందుకు, తేలికైన బిళ్ల ఇచ్చిన చాలదా అని అమెరికా వైద్యులు పరీక్షించి చూచిరి. 65 ఏండ్లు దాటిన 633 మందిలో కొందరికి ప్రమాణమైన కీమోథెరపీని – అందులో మెథోట్రెక్సేటు గల పద్ధతియు ఒకటి – తక్కినవారికి కాపెసిటబిన్ అను బిళ్లను ఇచ్చిరి. 2009లో వెలువడిన ఫలితము అందరిని ఆలోచింపజేసినది. తేలిక బిళ్ల పొందినవారిలో వ్యాధి తిరుగబెట్టుటయో మరణమో సంభవించు అవకాశము రమారమి రెండింతలు. హార్మోనుతో సంబంధము లేని గడ్డలు గలవారికే ప్రమాణ చికిత్సవలన అధికముగా మేలు కలిగినది. జాలిపడి బలహీనమైన మందు ఇచ్చుట ఎల్లప్పుడును దయ కాదని దీనివలన తెలియుచున్నది. అయితే ఈ మందులు గుండెను, మూత్రపిండములను, నెత్తురు కణములను బాధించుననుటయు నిజమే. అందుచేత ఎవరు తట్టుకొందురో ముందుగా చూడవలెను.

ఇక్కడ వైద్యశాస్త్రములోని ఒక లోపమునుగూడ చెప్పుట ధర్మము. కొత్త మందులను పరీక్షించునప్పుడు చిరకాలము వృద్ధులను పెద్దగా చేర్చుకొనలేదు. అమెరికాలో 1999లో ప్రచురింపబడిన ఒక లెక్కనుబట్టి, రొమ్ము క్యాన్సరు రోగులలో నూటికి 49 మంది 65 ఏండ్లకు పైబడినవారు కాగా, పరిశోధనలలో చేర్చుకొనబడినవారిలో అట్టివారు నూటికి తొమ్మిదిమందే. వయసులోనున్నవారిపై పరీక్షించి చూచిన మందును వృద్ధులకిచ్చునప్పుడు వైద్యుడు తన వివేకమును ఎక్కువగా ఉపయోగింపవలసివచ్చుటకు ఇదియొక కారణము.

ఆ వివేకమునకు ఆధారము దేహబలము. ఒకే ఊరిలో 75 ఏండ్ల స్త్రీలు ఇద్దరున్నారనుకొనుడు. ఒకామె తెల్లవారుజామున లేచి కళ్లాపి చల్లి, పాలు పితికి, పొలముగట్టుదాక నడచి వచ్చును. రెండవయామెకు గుండెజబ్బు, మధుమేహము. స్నానమునకు కోడలు చేయి పట్టుకొనవలెను. ఏడాదిలో రెండుమార్లు పడినది. ఇద్దరి గడ్డలును ఒక్కటే, వయసును ఒక్కటే. చికిత్స మాత్రము ఒక్కటి కారాదు. మొదటియామెకు వయసు పేరు చెప్పి తగ్గించి చేయుట అన్యాయము. రెండవయామెకు అన్నియు చేయుట హింస. అందుకే వృద్ధుల వైద్యమును ఎరిగినవారు నడక, జ్ఞాపకశక్తి, తిండి, బరువు తగ్గుట, వేసికొను మందుల సంఖ్య, దిగులు, ఇంట తోడుండువారెవరు – వీనిని క్రమముగా విచారింతురు. నీరసమునకు కారణము నెత్తురు తక్కువగుటయో, తిండి లేమియో అయినచో దానిని ముందు సరిచేసి పిదప చికిత్సకు సిద్ధపరుపవచ్చును.

ఇక మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ఆ తల్లి మనసు. ఆసుపత్రి వరండాలో కొడుకులు, అల్లుళ్లు వైద్యునితో మాటాడుదురు. ఆమె బల్లపై కూర్చుండి దూరమునుండి చూచుచుండును. జబ్బు పేరుగూడ ఆమెకు చెప్పరు. చెప్పినచో బెంగపడునని వారి భయము. కాని కాన్పుల బాధను, కరవులను, ఆప్తుల మరణములను చూచి నిలిచిన స్త్రీకి ఒక జబ్బు పేరు వినగల ధైర్యము లేదని మనమెట్లు తీర్మానింతుము? చెప్పక దాచినప్పుడు ఆమె తనకు తోచినదెల్ల ఊహించుకొని, ఒంటరిగా భయపడును.

"నాకెందుకు నాయనా, ఇంక ఎన్నాళ్లు బ్రతుకుతాను" అని ఆమె అనగానే మనము దానిని నిరాకరణగా తీసికొందుము. ఆ మాటకు అర్థములు పెక్కు గలవు. కొడుకు అప్పుల పాలగునేమో అను దిగులు కావచ్చును. కోతయందు భయము కావచ్చును. చేయి తాకి పరీక్షించు పురుషవైద్యుని యెదుట సిగ్గు కావచ్చును. లేక, నిజముగానే ఆమె కోరిక అది కావచ్చును. ఏదియో తెలిసికొనుటకు ఒక్కటే మార్గము: ఆమె ప్రక్కన కూర్చుండి, తొందరలేక అడుగుట. "అమ్మా, నీకేది ముఖ్యము?" అని అడిగినచో, ఒకామె మనుమరాలి పెండ్లి చూడవలెననును, ఒకామె చివరివరకు తన పనులు తాను చేసికొనిన చాలుననును. చికిత్సను ఎన్నుకొనుటలో ఈ జవాబులు ముక్కపరీక్ష ఫలితమంత విలువైనవి.

ఖర్చు దిగులే అడ్డమైనచో దానికి కొంత ఉపాయము కలదు. 2007లో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైనది. కేంద్ర ప్రభుత్వమువారి ఆయుష్మాన్ భారత్ పథకమును 2024 అక్టోబరులో 70 ఏండ్లు నిండినవారికందరికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, సంవత్సరమునకు కుటుంబమునకు అయిదులక్షల రూపాయల మేరకు విస్తరించిరి. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు వర్తించునో ముందుగా విచారించుకొనవలెను. హైదరాబాదులో 1950 దశకమునుండి మెహదీ నవాజ్ జంగ్ పేర ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి పనిచేయుచున్నది; విశాఖపట్టణమున టాటా స్మారక సంస్థవారి హోమీ భాభా ఆసుపత్రి కలదు.

వ్యాధి ఎముకలకో ఊపిరితిత్తులకో పాకిన పిదప వచ్చువారును ఉన్నారు. అట్టి దశలో, మందులకు లొంగిన వ్యాధిగలవారికి రొమ్మును, చంకగ్రంథులను తొలగించినను ఆయువు పెరుగదని ముంబయి టాటా ఆసుపత్రివారు 2015లో ప్రకటించిరి. అప్పుడు కోతకై ఆస్తి అమ్మవలసిన పనిలేదు. బిళ్లలతో వ్యాధిని అణచుట, నొప్పి లేకుండ చేయుట, పుండును శుభ్రముగా ఉంచుట – ఇవియు వైద్యమే. నొప్పిని తీర్చుట వైద్యుని ఓటమి కాదు.

అంతదాక రాకుండ చూచుకొనుట మన చేతిలోని పని. ముంబయి మురికివాడలలో 1998లో ఆరంభించి, 35 మొదలు 64 ఏండ్ల వరకు గల లక్షన్నరమందికి పైగా స్త్రీలను ఇరువదేండ్లు గమనించిరి. అందు సగముమందికి, శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు రెండేండ్లకొకమారు చేతితో రొమ్ము పరీక్షచేసిరి. 50 ఏండ్లు దాటినవారిలో ఈ వ్యాధి మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గినవని 2021లో ప్రకటించిరి. ఖరీదైన యంత్రము లేదు. నేర్చిన చేయి, క్రమము తప్పని రాక మాత్రమే. మన గ్రామమునకు వచ్చు ఆరోగ్యకార్యకర్తను సిగ్గుపడి త్రిప్పిపంపకుడని తల్లులకు నా మనవి.

చివరగా గ్రంథాలయము చేయదగిన పని ఒకటి చెప్పి విరమించెదను. పూర్వము గ్రంథాలయములలో చదువురానివారికి వార్తాపత్రికను బిగ్గరగా చదివి వినిపించుట ఆచారముగా ఉండెను. ఆసుపత్రి కాగితములతో వచ్చు కుటుంబమునకును అట్టి సాయము కావలెను. గడ్డ ఎంత పెద్దది, హార్మోనుపై ఆధారపడినదా, చంకకు పాకినదా, ప్రతి చికిత్సవలన ఎంత మేలు, ఎంత బాధ, ఎన్నిమార్లు పట్నమునకు పోవలెను, చేయించనిచో ఏమగును – ఈ ప్రశ్నలను తెలుగులో ఒక కాగితముపై అచ్చువేయించి ఇక్కడ ఉంచుడు. వైద్యునియొద్దకు పోవువారు దానిని తీసికొనిపోదురు. తిరిగివచ్చిన పిదప ఆ జవాబులను కొడుకునకు మాత్రమే గాక, ఆ తల్లికి చదివి వినిపింపుడు. వినిన తరువాత ఆమె ఏమి చెప్పినను, అది ఆమె నిర్ణయము.